దారి తెలియనివాళ్ళ కోసమే కదా బోర్డు: బ్రిటన్ రోడ్ల అధికారులకు బహిరంగ లేఖ

బ్రిటన్‌లో రోడ్ల మీద బోర్డులు పెట్టించే, గీతలు గీయించే అధికారులందరికీ,

నమస్కారం.

నేను మిడ్‌లాండ్స్‌లో ఒక మాదిరి ఊళ్ళో ఉంటున్నాను. కేర్ వర్కర్‌ని. వయసు మీద పడినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, లేపి కూర్చోబెట్టి, స్నానం చేయించి, మందులు వేయించి, కాస్త తినిపించి, మళ్ళీ కారెక్కి ఇంకో ఇంటికి వెళ్తాను. రోజుకు పదీ పన్నెండు ఇళ్ళు. ఇంటికీ ఇంటికీ మధ్య పది నిమిషాలు ఇస్తారు. ఎవరైనా సెలవు పెడితే వాళ్ళ ఇళ్ళూ నాకే వస్తాయి. అప్పుడు అన్నీ ఎన్నడూ చూడని వీధులే. మీరు పెట్టించిన బోర్డునీ, మీరు గీయించిన గీతనీ నమ్ముకుని పని చేసుకుంటున్న మనిషిని నేను. ఆ నమ్మకం వల్ల ఈ ఏడాదిలో ఒకసారి ప్రాణం మీదికి వచ్చింది, ఒకసారి ఫైన్ పడింది. అందుకే ఈ ఉత్తరం.

దీన్ని ఇంగ్లీషులో రాసి మా కౌన్సిల్‌కు, అంటే మా ఊరి రోడ్లు చూసే స్థానిక సంస్థకు, ఇప్పటికే పంపాను. మళ్ళీ తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, చదువుకీ ఉద్యోగానికీ ఈ దేశం వచ్చి కారు నడుపుతున్న మా తెలుగువాళ్ళు చాలామంది ఇలాంటివి జరిగినప్పుడు తప్పు తమదే అనుకుని తలవంచుకుంటున్నారు. "కొత్తగా వచ్చాం కదా, మనకే అర్థం కాలేదేమో" అనుకుంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. వాళ్ళూ చదవాలని ఇది.

ముందు ఆ రౌండబౌట్ సంగతి చెప్తాను.

మా ఊరి బయట ఒక పెద్ద రౌండబౌట్, అంటే గుండ్రంగా తిరిగి వెళ్ళే కూడలి, ఉంది. నేను వచ్చే వైపు రెండు లేన్లు. మొదటి దారి ఫ్యాక్టరీల వైపు, రెండోది నేరుగా ఆసుపత్రి వైపు, మూడోది మోటార్‌వే, అంటే ఎక్స్‌ప్రెస్‌వే లాంటి పెద్ద రోడ్డు, వైపు. రౌండబౌట్‌కు కొంచెం ముందు, ఎడమ పక్కన గడ్డిలో, ఏ లేన్ ఎక్కడికో చూపించే బోర్డు ఉంది. ఎడమ లేన్ ఫ్యాక్టరీలకు మాత్రమే, కుడి లేన్ ఆసుపత్రికీ మోటార్‌వేకీ అని దాని మీద ఉంది. నేను ఆసుపత్రి వైపు వెళ్ళాలి. బోర్డు చెప్పినట్టు కుడి లేన్‌లోకి వెళ్ళాను. పొద్దున్న ఏడు కావస్తోంది, జనవరి, ఇంకా చీకటి, సన్నగా వాన. ముందు ఏడెనిమిది కార్లు ఆగి ఉన్నాయి. రోడ్డు మీద ఏం బాణాలున్నాయో ఆ కార్ల కింద ఎక్కడ కనిపిస్తాయి?

నా వంతు వచ్చి రౌండబౌట్‌లోకి వెళ్ళి, రెండో దారికి ఇండికేటర్ వేసి ఎడమకు తిప్పాను. నా ఎడమ పక్కన ఒక లారీ. అదీ నేరుగా ఆసుపత్రి వైపే వస్తోంది. ఆ దారిలో ఉన్నది ఒక్క లేనే. లారీ అతను హారన్ మీద చెయ్యి తీయలేదు. నేను బ్రేక్ మీద నిలబడ్డాను. వెనక కారు నా డిక్కీకి చేతి వెడల్పులో ఆగింది. లారీ వెళ్ళిపోయాక చేతులు ఎంత వణికాయంటే, రెండో ఇంట్లో పెద్దావిడకు టీ కప్పు అందించలేక బల్ల మీద పెట్టాను.

ఆదివారం పొద్దున్నే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మళ్ళీ వెళ్ళి చూశాను. రోడ్డు మీద గీసిన బాణాలు వేరే మాట చెప్తున్నాయి. ఎడమ లేన్‌లో ఎడమకూ నేరుగానూ రెండు బాణాలు. కుడి లేన్‌లో కుడికి మాత్రమే. అంటే లారీ అతను నేలను చదివాడు, నేను బోర్డును చదివాను. ఇద్దరం మీరు రాయించినదే చదివాం. తర్వాత తెలిసింది, అంతకు ముందు ఎండాకాలంలో ఆ రోడ్డు మీద కొత్తగా తారు వేశారట. తారుతో పాటు కొత్త బాణాలు గీశారు. బోర్డు మాత్రం పాతదే.

కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టాను. ఫోటోలు పెట్టాను. ఒక నంబరు వచ్చింది. ఏడు వారాలకు జవాబు: బోర్డును తనిఖీ చేశాం, బాగుంది, శుభ్రంగా ఉంది, స్తంభం గట్టిగా ఉంది. నేను మళ్ళీ రాశాను, బాణాల సంగతి చూడండి అని. ఈసారి వేరే వాళ్ళెవరో జవాబిచ్చారు: గీతలు ఈ మధ్యే గీసినవి, స్పష్టంగా కనిపిస్తున్నాయి, ఏ పనీ అవసరం లేదు. రెండు జవాబులూ నిజమే. బోర్డు విడిగా బాగుంది, బాణం విడిగా బాగుంది. ఆ రెంటినీ కలిపి, ఒకే మనిషి, కారులో కూర్చుని చూడటం అనే పని మాత్రం ఎవరిదీ కాదు. డ్రైవర్‌కి అవి విడివిడిగా రావు. మూడు సెకన్లలో రెండూ కలిసి వస్తాయి. గంటకు 30 మైళ్ళ వేగంలో మూడు సెకన్లంటే 40 మీటర్లు. ఆ 40 మీటర్లలో చదవాలి, నమ్మాలి, తిప్పాలి.

నేను ఈ మాట కోపంతో అనడం లేదు. బాధతో అంటున్నాను. ఎందుకంటే ఈ విద్య లోకానికి నేర్పింది మీ దేశమే.

నేను చూసుకునేవాళ్ళలో ఎనభై ఎనిమిదేళ్ళ పెద్దాయన ఒకరున్నారు. కుర్రతనంలో లారీ నడిపేవారు. మోకాళ్ళకు మందు రాస్తున్నప్పుడు పాత రోడ్ల కబుర్లు చెప్తారు. 1965కు ముందు బోర్డులు ఎలా ఉండేవో ఆయన దగ్గరే విన్నాను. బడి ఉందని చెప్పడానికి కాగడా బొమ్మ వేసేవారట, చదువు వెలుగు అనే అర్థంలో. కూడలి దగ్గర "ముందు పెద్ద రోడ్డు ఉంది, ఆగు" అని ఇంత పొడుగు వాక్యం, అన్నీ పెద్దక్షరాల్లో. లారీ ఆపితే తప్ప చదవలేని బోర్డులు ఉండేవన్నారు. ఆ తర్వాత ఇంటికి వచ్చి ఆ చరిత్ర చదివాను, మీ మీద గౌరవం పెరిగింది.

1957లో కోలిన్ ఆండర్సన్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు, రాబోయే మోటార్‌వేలకు బోర్డులు ఎలా ఉండాలో తేల్చమని. జాక్ కిన్నీర్ అనే డిజైనర్, ఆయన దగ్గర చదువుకున్న మార్గరెట్ కాల్వెర్ట్ కలిసి ఆ పని చేశారు. 1958 డిసెంబరులో మొదటి మోటార్‌వే, ప్రెస్టన్ బైపాస్, తెరిచినప్పుడు నీలం మీద తెల్లక్షరాల బోర్డులు పెట్టారు. 1961లో హెర్బర్ట్ స్పెన్సర్ అనే ఇంకో డిజైనర్ లండన్ మార్బుల్ ఆర్చ్ నుంచి హీత్రో ఎయిర్‌పోర్టు దాకా దారి పొడుగునా ఉన్న బోర్డుల ఫోటోలు తీసి ప్రచురించారు. ఆ గజిబిజి చూస్తే ఎవరికైనా సమస్య అర్థమవుతుంది. మామూలు రోడ్లకు కూడా కమిటీ వేశారు, సర్ వాల్టర్ వర్బాయ్స్ అధ్యక్షుడు. 1963లో నివేదిక, 1965 జనవరి 1 నుంచి కొత్త బోర్డులు. పెద్ద రోడ్లకు ఆకుపచ్చ మీద తెల్లక్షరాలు, పసుప్పచ్చ నంబర్లు. చిన్న రోడ్లకు తెలుపు మీద నలుపు. బడి దగ్గర చెయ్యి పట్టుకుని నడిచే ఇద్దరు పిల్లల బొమ్మ కాల్వెర్ట్ గీశారు, అందులో అమ్మాయిని తన చిన్ననాటి ఫోటో చూసి గీసుకున్నారట. ఆ కాగడా పోయి పిల్లలు వచ్చారు. బడి అంటే చదువు వెలుగు కాదు, రోడ్డు దాటే పిల్లలు అని బోర్డుకు తెలిసింది.

నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్ళు పరీక్షించిన తీరు. ఒక ఎయిర్‌ఫీల్డులో మనుషుల్ని కూర్చోబెట్టి, కారు పైకప్పు మీద బోర్డు కట్టి వాళ్ళ వైపు నడుపుకుంటూ వచ్చి, ఎంత దూరం నుంచి చదవగలిగారో కొలిచారు. బోర్డుల్ని హైడ్ పార్కులో చెట్లకు ఆనించి పెట్టి చూసుకున్నారు. ఏ రంగు, ఏ సైజు, అక్షరానికి అక్షరానికి ఎంత ఎడం, అన్నీ చదివేవాడి కంటితో తేల్చారు. రోడ్డు మీద బాణాన్ని సాగదీసి గీస్తారు కదా, అదీ అంతే. పైనుంచి చూస్తే వికారంగా పొడుగ్గా ఉంటుంది, డ్రైవర్ సీటు నుంచి చూస్తే సరిగ్గా బాణంలా ఉంటుంది. మా కోసం అంత ఆలోచించారు. ఆ ఆలోచించిన దేశంలోనే ఇవాళ బోర్డు ఒకటి, బాణం ఒకటి చెప్తుంటే, చూడ్డానికి మనిషి లేడంటే నాకు మనసు ఒప్పుకోదు.

ఇప్పుడు వాన సంగతి. ఇది మీరు ఆఫీసులో కూర్చుని చూస్తే తెలియదు. లేన్లు మార్చినప్పుడు పాత తెల్ల గీతను గీకేస్తారు. ఆ గీత మామూలు పెయింట్ కాదు, వేడి చేసి పోసిన ప్లాస్టిక్, లోపల సన్నటి గాజు పూసలు. గీకేసినా అక్కడ తారు మీద మచ్చ మిగులుతుంది. ఎండలో మచ్చ పెద్దగా కనబడదు. వానపడిన రాత్రి, ఎదురుగా వచ్చే కార్ల లైట్లు పడితే ఆ మచ్చే మెరుస్తుంది, కొత్త గీత నీళ్ళ కింద మాసిపోతుంది. డిసెంబరు మధ్యాహ్నం మూడింటికి సూర్యుడు కళ్ళకు ఎదురుగా, అంత కిందికి ఉన్నప్పుడూ అంతే. ఒక్కోచోట రోడ్డు మీద నాకు మూడు గీతలు కనిపిస్తాయి. ఏది ఇప్పటిది, ఏది పోయినేడాదిది? ముందు కారు వెనకాలే పోతాను. ఆ ముందు కారు ఎవరి వెనకాల పోతోందో నాకు తెలియదు.

గీతలు మార్చి, రోడ్డులో పొదిగిన పిల్లికళ్ళను మార్చని చోట్లు కూడా ఉన్నాయి. 1934లో హాలిఫాక్స్‌కు చెందిన పెర్సీ షా కనిపెట్టిన ఆ చిన్న గాజు కళ్ళంటే నాకు ఎంత ప్రేమో చెప్పలేను. వీధి దీపం లేని పల్లె రోడ్లలో అవే నాకు తోడు. మోటార్‌వే మీద ఎడమ అంచుకు ఎరుపు, మధ్య డివైడర్ వైపు నారింజ, లేన్ల మధ్య తెలుపు, మోటార్‌వే ఎక్కే, దిగే స్లిప్ రోడ్డు దగ్గర ఆకుపచ్చ. రాత్రి ఇంతకంటే మంచి భాష ఇంకోటి లేదు. గీత ఒక చోట, పిల్లికళ్ళు ఇంకో చోట ఉంటే, రాత్రి పూట మేం చూసేది పిల్లికళ్ళనే.

బాణాల విషయంలో ఇంకో మాట. రద్దీ వేళ బాణం మీద కారు ఆగి ఉంటుంది. అందరికీ తెలిసిన సంగతే. అయినా ఎన్నో కూడళ్ళలో ఏ లేన్ ఎటో చెప్పేది నేల మీది బాణం ఒక్కటే, అదీ కూడలికి మరీ దగ్గర్లో. ఆ ఊరివాళ్ళకు ఇబ్బంది లేదు, వాళ్ళకు రోజూ వెళ్ళే దారి. కొత్తవాళ్ళు తప్పు లేన్‌లో ఇరుక్కుని, ఇండికేటర్ వేసుకుని, పక్కవాళ్ళను బతిమాలుకోవాలి. పక్కవాళ్ళేమో వీడెవడో దూరి పోతున్నాడు అనుకుంటారు. మా వైపు దారి తెలియకపోతే టీ కొట్టు దగ్గర బండి ఆపి అడుగుతాం. బోర్డు తప్పున్నా మనిషి సరిచేస్తాడు. ఇక్కడ ఆగడానికి చోటుండదు, అడగడానికి రోడ్డు మీద మనిషుండడు. ఇక్కడ బోర్డే ఆ మనిషి.

ఇక రూపం వల్ల వచ్చే తికమక. దీన్ని కొత్త డ్రైవర్ కళ్ళతో ఒకసారి చూడండి. కుడికి తిరగకూడదు అంటే ఎర్ర వలయం, లోపల బాణం, దాని మీద ఎర్ర అడ్డగీత. ఎడమకు తిరగకూడదన్నా అంతే, యూటర్న్ వద్దన్నా అంతే. బాగుంది. మరి సైకిళ్ళు రాకూడదు అంటే? ఎర్ర వలయం, లోపల సైకిలు, అడ్డగీత లేదు. మోటారు వాహనాలు రాకూడదు అంటే? ఎర్ర వలయం, లోపల కారు, దాని పైన గాల్లో మోటార్ సైకిలు. అడ్డగీత లేదు. వలయం ఉంటేనే వద్దని అర్థం, అడ్డగీత అక్కర్లేదు అని మీ నియమం. కానీ మీరే కొన్నిటికి అడ్డగీత పెట్టి, అడ్డగీత అంటే వద్దు అని మాకు నేర్పారు. అలా నేర్చుకున్నవాడు, గీత లేని సైకిలు బొమ్మ చూసి ఇది సైకిళ్ళ దారి అనుకుంటే తప్పు వాడిదా? మా దేశంలో సైకిలు వద్దంటే వలయంతో పాటు అడ్డగీత కూడా ఉంటుంది. అక్కడి నుంచి వచ్చినవాళ్ళకు ఇంకా తికమక. ఇప్పుడు ఆ మోటార్ సైకిలు, కారు బోర్డునే చాలా వీధుల మొదట్లో పెట్టి, పక్కనే కెమెరా పెడుతున్నారు.

బోర్డు లేకపోవడం కూడా ఇక్కడ ఒక బోర్డే. వీధి దీపాలు దగ్గర దగ్గరగా ఉండి, వేరే వేగం రాసి లేకపోతే ఇంగ్లండ్‌లో 30 అని అర్థం చేసుకోవాలి. వేల్స్‌లో 2023 సెప్టెంబరు 17 నుంచి అలాంటి వీధుల్లోనే 20. చెస్టర్ పక్కన సాల్ట్‌నీ లాంటి చోట రెండు దేశాల సరిహద్దు ఊరి మధ్యలోంచి పోతుంది. వేగం తగ్గించడం మంచిదే, నేనేం తప్పు పట్టను. నేను రోజూ చూసే ముసలివాళ్ళు ఆ రోడ్లే దాటాలి. కానీ ఆ సరిహద్దు దగ్గర పెట్టే ఒక్క బోర్డు కొమ్మల వెనక దాగితే, ఆ తర్వాత ఎంతదూరం పోయినా తప్పు దిద్దుకునే అవకాశం డ్రైవర్‌కు రాదు.

వేల్స్ మాట వచ్చింది కాబట్టి. 2008లో స్వాన్సీలో ఒక బోర్డు పెట్టారు. ఇంగ్లీషులో భారీ వాహనాలకు ప్రవేశం లేదని, కింద వేల్స్ సొంత భాష వెల్ష్‌లో ఆ అనువాదం. అనువాదం కోసం పంపిన ఈమెయిల్‌కు వచ్చిన జవాబునే అచ్చు వేయించారు. ఆ జవాబులో ఉన్నది, నేను ఇప్పుడు ఆఫీసులో లేను, అనువదించాల్సినవి ఏవైనా ఉంటే పంపండి అని. చాలామంది నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. దానికి రెండేళ్ళ ముందు కార్డిఫ్‌లో నడిచేవాళ్ళ కోసం పెట్టిన బోర్డు ఇంగ్లీషులో కుడివైపు చూడమంది, వెల్ష్‌లో ఎడమవైపు చూడమంది. తన సొంత భాషను నమ్మి చదివినవాడికి రోడ్డు దాటేటప్పుడు తప్పు దిక్కు చూపించడం అది. ఆ బోర్డు తయారయ్యే దారిలో ఎందరో చేతులు మారి ఉంటుంది. నిలబెట్టే ముందు వెల్ష్ వచ్చినవాళ్ళు ఒక్కరికి చూపిస్తే చాలు కదా. ఆ భాషకు అది అవమానం కూడా. సొంత భాషను బోర్డు మీద చూసుకోవడం అంటే ఏమిటో తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అన్ని తప్పులూ ఒక్కటే అని నేను అనడం లేదు. ఫుట్‌బాల్ స్టేడియం దారి చూపే మీ బోర్డు మీద బంతి బొమ్మలో అన్నీ ఆరు కోణాల ముక్కలే ఉంటాయి. అసలు బంతికి ఆరు కోణాలవి 20, ఐదు కోణాలవి 12 ఉండాలి. అన్నీ ఆరు కోణాలవైతే బంతి గుండ్రంగా మూసుకోదు. 2017లో మ్యాట్ పార్కర్ అనే గణితవేత్త దీన్ని మార్చమని పిటిషన్ పెడితే 20 వేలకు పైగా సంతకాలు వచ్చాయి. ప్రభుత్వం కుదరదంది. ఆ విషయంలో మీతోనే ఉన్నాను. ఆ బొమ్మ చూసినవాడు స్టేడియానికే వెళ్తాడు, ఎవరికీ దెబ్బ తగలదు. నా రౌండబౌట్‌కు మాత్రం 20 వేల సంతకాలు ఎప్పటికీ రావు. దాన్ని దాటేవాళ్ళలో సగం మందికి అలవాటైపోయింది. మిగిలినవాళ్ళు ఒక్కసారి భయపడి ఇంటికి వెళ్ళిపోతారు.

ఇక ఫైన్ సంగతి. ఒక రోడ్డు చివర బస్సులు మాత్రమే వెళ్ళే ముక్క ఉంది. దాని బోర్డు ఒక్కటే, ఎడమ పక్కన. నేను వెళ్ళిన రోజు అది స్తంభం మీద పక్కకు తిరిగిపోయి ఉంది, గాలికో, లారీ తగిలో. నాకు దాని అంచు కనిపించింది, ముఖం కనిపించలేదు. పది రోజులకు ఇంటికి కాగితం వచ్చింది, 70 పౌన్లు, తొందరగా కడితే 35. నాకు అది సగం రోజు జీతం. అప్పీలు చేసి ఓడితే మొత్తం కట్టాలి, గెలుస్తానని నమ్మకం లేదు, సెలవు లేదు. ఎవరైనా 35 కట్టి ఊరుకుంటారు. నాతో పనిచేసేవాళ్ళలో ముగ్గురు అదే చోట అలాగే కట్టేశారు. నేను వెళ్ళి ఫోటో తీసి పంపాను. ఫైన్ రద్దు చేశారు. చాలా సంతోషం. మరి ఆ ముగ్గురి డబ్బు? అడిగితే, వాళ్ళు కట్టేశారు కాబట్టి ఆ కేసులు ముగిశాయన్నారు. బోర్డు తిరిగి ఉందని ఒప్పుకున్నాక, ఆ బోర్డు కింద పడిన ఫైన్లన్నీ తప్పే కదా.

చట్టం ఈ విషయంలో రెండు మాటలు చెప్తుంది. 1984 నాటి రోడ్ ట్రాఫిక్ రెగ్యులేషన్ చట్టం 85వ సెక్షన్ ప్రకారం వేగ పరిమితి తెలిసేలా బోర్డులు పెట్టి, వాటిని సరిగా ఉంచడం మీ బాధ్యత. అలా లేకపోతే ఆ వేగానికి డ్రైవర్‌ను శిక్షించకూడదు. ఇది న్యాయం. ఇంకోవైపు కాల్డర్‌డేల్ కౌన్సిల్ మీద వేసిన కేసు ఉంది. 1996లో యార్క్‌షైర్‌లో ఒక మిట్ట దాటగానే ఎదురుగా బస్సు కనిపించి, గట్టిగా బ్రేకు వేసి, దానికి గుద్దుకుని ఒకామె తీవ్రంగా గాయపడింది. ఒకప్పుడు ఆ మిట్టకు ముందు రోడ్డు మీద నెమ్మదిగా వెళ్ళమని రాసి ఉండేది, అది చెరిగిపోయింది, తిరిగి రాయలేదు. 2004లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు ఇచ్చింది: ఆ గుర్తు లేకపోవడానికి కౌన్సిల్ నష్టపరిహారం ఇవ్వక్కర్లేదు, డ్రైవరే జాగ్రత్తగా ఉండాలి. తీర్పును తప్పు పట్టేంత చదువు నాకు లేదు. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు బెంగగా ఉంటుంది. గీత ఉన్నప్పుడు మేం దాటితే ఫైన్ మాకు. గీత చెరిగి మాకు దెబ్బ తగిలితే అదీ మాకే.

పైగా ఇంగ్లండ్‌లో, లండన్ బయటి కౌన్సిళ్ళు కూడా 2022 మే 31 నుంచి కెమెరాలతో పసుపు గళ్ళ బాక్సులు (అవతల చోటుంటేనే లోపలికి వెళ్ళాల్సిన కూడలి గళ్ళు), తిరగకూడని మలుపుల మీద ఫైన్లు వేసే అధికారం అడిగి తెచ్చుకోవచ్చు. అధికారం తీసుకోండి. పసుపు గళ్ళలో కార్లు ఆగితే అంబులెన్సు ఇరుక్కుపోతుంది, నేను చూశాను. కానీ కెమెరా పెట్టే ముందు ఆ బాక్సు అవతలి అంచు డ్రైవర్ సీటు నుంచి కనిపిస్తోందో లేదో చూడండి. మెలిక తిరిగిన కూడలిలో అవతల ఒక కారుకు చోటుందా లేదా అన్నది లోపలికి వెళ్ళాక గాని తెలియదు.

మాలాంటివాళ్ళకు ఇంకో టెన్షన్ ఉంది. ఇండియా లైసెన్సుతో ఇక్కడ 12 నెలలే నడపొచ్చు. తర్వాత థియరీ టెస్టు, 50 ప్రశ్నల్లో 43 సరిగ్గా చెప్పాలి. ఆ పైన డ్రైవింగ్ టెస్టు. 2014 ఏప్రిల్ నుంచి ఈ టెస్టులకు వేరే భాషల సాయం తీసేశారు, ఇంగ్లీషు లేదా వెల్ష్‌లోనే రాయాలి. నాకు అభ్యంతరం లేదు, ఆ బోర్డులన్నీ కూర్చుని నేర్చుకున్నాను. పాసయిన రెండేళ్ళలో తప్పులకు వేసే పాయింట్లు 6 పడితే లైసెన్సు పోతుంది. స్పీడు కేసుకు కనీసం 3 పాయింట్లు. అంటే దాగిపోయిన రెండు బోర్డులు చాలు, లైసెన్సు పోవడానికి. లైసెన్సు లేని కేర్ వర్కర్‌కు పని లేదు. మీ పుస్తకం ఎలా చెప్పిందో అలాగే చదువుకుని వచ్చాం. రోడ్డు కూడా ఆ పుస్తకంలా ఉండాలని అడుగుతున్నాం, అంతే.

మీకు డబ్బు లేదని తెలుసు. నేను చేసే పనికి కూడా డబ్బు ఇచ్చేది ఆ కౌన్సిళ్ళే, కోతలు ఎలా ఉంటాయో నాకు చెప్పక్కర్లేదు. నేను అడిగేవాటిలో ఎక్కువ వాటికి డబ్బు కంటే ఓపిక కావాలి.

కొత్త తారు వేసి గీతలు గీసిన ప్రతి కూడలిని, పని అయిపోయిందని సంతకం పెట్టే ముందు, ఆ దారి ఎన్నడూ ఎరగని ఒక మనిషి చేత కారులో నడిపించండి. ఇంజనీరు వద్దు. గీసిన కంపెనీవాళ్ళు వద్దు. వేరే శాఖ క్లర్కు అయినా చాలు. పక్కన కూర్చుని, ఎక్కడ తడబడ్డాడో రాసుకోండి. ఒకసారి పగలు, ఒకసారి వానపడే రాత్రి. అప్పట్లో ఎయిర్‌ఫీల్డులో మీ పెద్దలు చేసింది ఇదే. బోర్డు సంగతీ, గీత సంగతీ వేర్వేరు గుమాస్తాలకు పంపకుండా, ఫిర్యాదు వచ్చిన చోటును ఒకే మనిషి రెండు కళ్ళతో చూసేలా చేయండి. బోర్డు తప్పని ఒక్క అప్పీలులో తేలితే, అదే బోర్డు కింద అప్పటిదాకా కట్టినవాళ్ళందరికీ అడగకుండానే తిరిగి ఇచ్చేయండి. చెట్టు కొమ్మలు ఏప్రిల్లో చిగురిస్తాయి, మే నెలకు బోర్డును కప్పేస్తాయి. ప్రతి ఏడాదీ అంతే. ఫిర్యాదు కోసం చూడకుండా మేలో ఒకసారి తిరిగి రండి.

వర్బాయ్స్ కమిటీలాంటిది మళ్ళీ ఒకటి వేయమని కేంద్ర రవాణా శాఖను కూడా అడుగుతున్నాను. అరవై ఏళ్ళు దాటాయి. ఆ ఎర్ర వలయం మీద అడ్డగీత ఎక్కడ ఉండాలో, ఎక్కడ అక్కర్లేదో ఈ దేశంలో ఇప్పుడు నడుపుతున్నవాళ్ళను కూర్చోబెట్టి అడగండి. మమ్మల్ని కూడా.

మా రౌండబౌట్ ఫోటోలు 14, తేదీలతో సహా, ఇంగ్లీషు ఉత్తరంతో జత చేశాను. బోర్డు ఇవాళ్టికీ అలాగే ఉంది. నేను రోజూ ఎడమ లేన్‌లోనే వెళ్తున్నాను, నాకు ఇప్పుడు తెలుసు కాబట్టి. మొన్న మంగళవారం నా ముందు కుడి లేన్‌లో ఒక చిన్న ఎర్ర కారు, వెనక అద్దం మీద కొత్త డ్రైవర్ల ఆకుపచ్చ పీ స్టిక్కరుతో, ఆసుపత్రి వైపు ఇండికేటర్ వేసుకుని ఆగి ఉంది. నేను ఆగి చోటిచ్చాను. నా వెనక ఎవరో హారన్ కొట్టారు.

మీలో ఎవరైనా వస్తానంటే, శనివారాలు మధ్యాహ్నం రెండు తర్వాత నాకు పని ఉండదు. నా కారులో పక్క సీటు ఖాళీ. ఊరి అవతలి వైపు నుంచి తీసుకొస్తాను, మీరు బోర్డు చూసి ఏ లేన్‌లోకి వెళ్ళమంటే ఆ లేన్‌లోకి వెళ్తాను.

ఇట్లు,
మిడ్‌లాండ్స్ నుంచి ఒక కేర్ వర్కర్